విశాఖలో కూర్చుని బియాస్ నది మంచు లెక్క కట్టాను: నా అనుభవం

ఎం.టెక్ రెండో ఏడాది ప్రాజెక్టుకి బియాస్ నది తీసుకుంటానని చెప్పగానే మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఒకటే అడిగారు: "విశాఖపట్నంలో ఉండి హిమాలయాల నది నీకెందుకు?" అడగడంలో తప్పేమీ లేదు. మా చుట్టూ నదులకేం కొదవ? అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ ఉంది. మాడుగుల కొండల మీంచి దిగే శారద ఉంది. నగరానికి నీళ్ళిచ్చే మేఘాద్రి గెడ్డ ఉంది. సీనియర్లు చాలామంది వీటి మీదే చేశారు. పొద్దున్నే బస్సెక్కితే ఫీల్డ్ చూసుకుని రాత్రికి హాస్టల్‌కి వచ్చెయ్యచ్చు.

నాకు బియాస్ మీద ధ్యాస పుట్టడానికి కారణం మా ఊరే. మాది దేవరాపల్లి వైపు. రైవాడ రిజర్వాయర్ ఆయకట్టు కింద నాన్నకి కొంచెం పల్లం ఉంది. రైవాడ నీళ్ళలో విశాఖ నగరానికీ వాటా పోతుంది కాబట్టి, అవి సాగుకా తాగడానికా అన్న పేచీ చిన్నప్పటి నుంచీ వింటూనే పెరిగాను. మే నెల వచ్చేసరికి రిజర్వాయర్ అడుగుకి చేరుతుంది. గెడ్డల్లో ఇసుక తేలుతుంది. ఆకుమడి ఎప్పుడు పోసుకోవాలో తెలియక ఊరంతా ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటుంది. వాన పడాలి, శారద పారాలి, అప్పుడు లస్కరు షట్టర్ ఎత్తాలి. అన్నిటికీ మొదలు వానే.

కేంద్ర జల సంఘం ప్రతి గురువారం దేశంలోని పెద్ద రిజర్వాయర్ల నీటి నిల్వలతో ఒక బులెటిన్ విడుదల చేస్తుంది. మొదటి ఏడాది ఏదో అసైన్‌మెంట్ కోసం పాత బులెటిన్లు వరుసగా తిరగేస్తుంటే ఒక సంగతి కంటబడింది. మే చివర్లో మన దక్షిణాది రిజర్వాయర్లన్నీ ఖాళీ అవుతూ ఉంటే, సట్లెజ్ మీది భాక్రా, బియాస్ మీది పాంగ్ అప్పుడప్పుడే నిండడం మొదలుపెడుతున్నాయి. ఈ డ్యాముల్ని నడిపే భాక్రా బియాస్ బోర్డు లెక్కల్లో నిండే కాలం మే 21న మొదలై సెప్టెంబరు 20న ముగుస్తుంది. మిగతా ఎనిమిది నెలలూ ఖర్చుపెట్టే కాలం. మే 21 నాటికి పంజాబ్‌లో వానలెక్కడివి? రుతుపవనాలు అక్కడికి చేరేది జూన్ నెలాఖరుకి. అంటే ఆ నీళ్ళు పైనుంచి, మంచు కరిగి వస్తున్నాయన్నమాట. మనకి నీళ్ళు లేక నోరెండిపోయే రోజుల్లోనే ఆ నది పెరుగుతుంది. అదే ఎండ. మన చెరువుల్ని ఎండగడుతుంది, వాళ్ళ నదిని నింపుతుంది. ఆ సంగతి ఒకసారి బుర్రలో పడ్డాక ఇంకే టాపిక్కూ రుచించలేదు.

రెండో కారణం కూడా చెప్పాలి. బియాస్ అనగానే తెలుగు ఇళ్ళల్లో గుర్తొచ్చేది మంచూ కాదు, మనాలీ కాదు. 2014 జూన్ 8. విహారయాత్రకి వెళ్ళిన హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది, వాళ్ళతో ఉన్న టూర్ ఆపరేటర్ ఒకరు, మండీ జిల్లాలో థలౌట్ దగ్గర నది మధ్య రాళ్ళ మీద ఉండగా పైనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. నేను అప్పటికి స్కూల్లో ఉన్నాను. టీవీలో ఆ వీడియో చూసి మా అమ్మ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. నదిలో నీళ్ళు ఎంత ఉంటాయన్నది ఒక ప్రశ్నైతే, ఎప్పుడొస్తాయన్నది ఇంకో ప్రశ్న. నాకు ఆ రెండో ప్రశ్నే ముఖ్యం అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మా గైడ్ మేడమ్ వెంటనే ఒప్పుకోలేదు. "డేటా దొరక్కపోతే ఏం చేస్తావు?" అని నిలదీశారు. జలవిద్యుత్ కేంద్రం ఎలా నడుస్తుందో ముందు దగ్గరలో చూసి రమ్మన్నారు. అలా మాచ్‌ఖండ్ వెళ్ళాం. జోలాపుట్ రిజర్వాయర్ నీళ్ళు డుడుమ జలపాతం పక్కనుంచి కొండ దిగి పవర్ హౌస్‌లోకి వచ్చే చోటు అది. 1955లో మొదలైన కేంద్రం, ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు, ఆంధ్రా ఒడిశాలది ఉమ్మడి సొత్తు. అక్కణ్ణుంచి అదే నీరు సీలేరుగా మారి బలిమెల, ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు దాకా మెట్లు మెట్లుగా కరెంటు ఇచ్చుకుంటూ పోతుంది. ఒకే నీరు ఎన్నిసార్లు పనికొస్తుందో నాకు అక్కడే కళ్ళకి కట్టింది. అయితే ఈ వరస మొత్తం వాన నీటి మీద, రిజర్వాయర్ల నిల్వ మీద నడిచేది. బియాస్‌లో వాన కంటే ముందే మంచు కరిగిన నీరు దిగుతుంది.

ఇక అసలు పని. ముందు నది సరిహద్దు గీసుకోవాలి. బియాస్ రోహతాంగ్ కనుమ ప్రాంతంలో పుడుతుంది. మనాలి, కులూ దాటి భుంతర్ దగ్గర పార్వతిని కలుపుకుంటుంది. లార్జి దగ్గర సైంజ్, తీర్థన్ వచ్చి చేరతాయి. తర్వాత పండోహ్ డ్యామ్. నేను అక్కడిదాకానే తీసుకున్నాను, ఎందుకంటే పండోహ్ తర్వాత నది సహజంగా ఉండదు, మళ్ళించేస్తారు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల పటం ఎస్ఆర్‌టీఎం ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పెడితే పరివాహక ప్రాంతం ఐదు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. పండోహ్ దగ్గర ఎత్తు దాదాపు 900 మీటర్లు. పైన శిఖరాలు 6,000 మీటర్లు దాటుతాయి. ఈ మొత్తాన్ని 500 మీటర్ల ఎత్తుకో పట్టీ చొప్పున విడగొట్టుకున్నాను. ఈ పని ఉత్సాహంగా, చకచకా అయిపోయింది.

తర్వాతిది డేటా. ఇక్కడ నెలలు గడిచాయి. సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరివాహకాల్లోని నదుల రోజువారీ ప్రవాహం లెక్కలు మన దేశంలో రహస్య జాబితాలో ఉంటాయి. గోదావరి, కృష్ణ లెక్కలు వెబ్‌సైట్‌లో నొక్కితే వస్తాయి. బియాస్ సింధు పరివాహకంలోది కాబట్టి రావు. దరఖాస్తు పెట్టాలి. ఈ చదువుకి తప్ప ఇంకెందుకూ వాడనని, ఎవరికీ ఇవ్వనని హామీపత్రం రాసివ్వాలి. దాని మీద గైడ్ సంతకం, హెచ్ఓడీ సంతకం, కాలేజీ ముద్ర ఉండాలి. నా ఫైలు ఒకసారి దరఖాస్తు ఫారం పాతదైందని వెనక్కొచ్చింది. ఇంకోసారి స్టేషన్ పేరు స్పష్టంగా లేదన్నారు. ఫోన్ చేస్తే ఇంకో సీటుకి చెయ్యమంటారు, ఆ సీటాయన సెలవులో ఉంటాడు. సెమిస్టర్ గడువు దగ్గర పడుతుంటే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. దేశ భద్రత కోసం కొన్ని లెక్కలు దాచాలంటే అర్థం చేసుకోగలను. పాతికేళ్ళ కిందటి నీటిమట్టం కూడా విద్యార్థికి అందకపోతే ఆ నది గురించి ఎవరు పని చేస్తారు? కింద ఉండే జనానికి నది తీరు ఎవరు చెబుతారు? ఈ మాట నేను రిపోర్టులో కూడా రాశాను, మేడమ్ ఒక్క అక్షరం తీసెయ్యలేదు.

ఫైలు తిరుగుతుండగా మంచు మీద పడ్డాను. నాసా వాళ్ళ టెర్రా ఉపగ్రహం మీద మోడిస్ అనే పరికరం 2000 నుంచి భూమి మొత్తాన్ని రోజూ చూస్తూ ఉంది. దాని నుంచి ఎనిమిది రోజులకొక మంచు పటం తయారుచేస్తారు. ఒక్కో గడి 500 మీటర్లు. మన వైఫైలో పటాలన్నీ దింపుకోవడానికే రాత్రులు పట్టాయి. ఫిబ్రవరి పటంలో కులూ లోయ అంచుల దాకా తెలుపే. ఏప్రిల్‌కి తెలుపు మెల్లగా పైకి జరుగుతుంది. జూన్‌కి 4,000 మీటర్ల పైకి చేరుతుంది. ఆ ఎక్కుడు చూస్తూంటే నది ఎలా నిండుతుందో అంకెలు లేకుండానే తెలిసిపోతుంది. జులై, ఆగస్టుల్లో మాత్రం చిక్కు. రుతుపవన మేఘాలు కప్పేస్తాయి. మేఘమూ తెలుపే, మంచూ తెలుపే. పరికరం రెంటినీ విడదీసి చెప్పినా మేఘం కింద ఏముందో చెప్పలేదు. పొద్దున తీసిన టెర్రా పటం, మధ్యాహ్నం దాని తోడు ఉపగ్రహం ఆక్వా తీసిన పటం రెండూ కలిపి, ముందు వారం వెనక వారం చూసి, ఆ ఖాళీల్ని ఒక్కో ఎత్తు పట్టీకి విడివిడిగా పూడ్చాను. ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ ఓపిక అడిగింది ఇదే. మంచు నదుల మీద పని చెయ్యాలనుకునేవాళ్ళు దీనికి ముందే ఎక్కువ సమయం పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన మార్టినెక్ అనే శాస్త్రవేత్త 1975లో ఇచ్చిన నమూనా (మోడల్) ఇది. దాని ఆధారం ఒక్కటే: ఉష్ణోగ్రత సున్నా కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువుంటే, ఒక్కో డిగ్రీకి రోజుకి ఇన్ని మిల్లీమీటర్ల నీరు కరుగుతుందని. అంతకు ముందు నుంచే ఉన్న ఈ పద్ధతి పేరు డిగ్రీ-డే. ఒక ఉదాహరణ చూడండి. భుంతర్ ఎత్తు దాదాపు 1,100 మీటర్లు. జూన్‌లో ఒక రోజు అక్కడ సగటు 24 డిగ్రీలనుకుందాం. కిలోమీటరు పైకి వెళ్ళేకొద్దీ ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకుంటే, 4,000 మీటర్ల దగ్గర ఐదు డిగ్రీలుంటుంది. డిగ్రీకి ఐదు మిల్లీమీటర్లు చొప్పున రోజుకి 25 మిల్లీమీటర్ల నీరు. చూడ్డానికి బొటనవేలు వెడల్పు అంతే. కానీ ఒక చదరపు కిలోమీటరు మంచు మీద అది 25 వేల ఘనమీటర్లు. వంద చదరపు కిలోమీటర్లయితే 25 లక్షల ఘనమీటర్లు. మన భాషలో చెప్పాలంటే రోజంతా ఆగకుండా వెయ్యి క్యూసెక్కులు. దారిలో నేలలోకి ఇంకిపోయేవి, ఆవిరయ్యేవి తీసేస్తే కొంత తగ్గుతుంది. ఒక్క చినుకు పడకుండా, ఎండ మాత్రమే కాసి, అన్ని నీళ్ళు!

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నకి ఇదే లెక్క చెప్పాను. నాన్న చాలాసేపు విని, "ఏటమ్మా, మనకి వాన పడితే గాని గెడ్డ పారదు, ఆళ్ళకి ఎండ కాస్తే పారతాదన్నమాట" అన్నాడు. ఇంకాసేపు ఆలోచించి, "అంటే చలికాలం పురి కట్టి దాచుకున్న ధాన్యం, ఎండల్లో తీసుకుని తింటన్నారు. పురి ఖాళీ అయిపోతేనో?" అని అడిగాడు. మా రిపోర్టులో చివరి అధ్యాయం మొత్తం ఆ ప్రశ్నకి జవాబే. హిమాలయాల మంచు అంతా ఒకే రకం కాదు. ఒక చలికాలం పడి ఆ వేసవికే కరిగిపోయేది ఒకటి. వందల ఏళ్ళుగా గట్టిపడి మంచుగడ్డగా మారి, మెల్లగా కిందికి జారుతూ ఉండే హిమానీనదం ఇంకొకటి. మొదటిది ఏటేటా నిండుతుంది. రెండోది తరిగితే మళ్ళీ మన కాలంలో నిండేది కాదు.

కరిగిన నీరు ఎక్కడెక్కడికి పోతుందో పటం మీద వేలు పెట్టి చూపించాను నాన్నకి. పండోహ్ దగ్గర 76 మీటర్ల ఎత్తు డ్యామ్ కట్టి నదిని పక్కకి తిప్పారు. 13 కిలోమీటర్ల సొరంగం, తర్వాత 12 కిలోమీటర్లకి కాస్త తక్కువ కాలువ, సుందర్‌నగర్‌లో చిన్న రిజర్వాయర్, మళ్ళీ ఇంకో 12 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం. అవన్నీ దాటి నీళ్ళు దాదాపు 280 మీటర్ల ఎత్తు నుంచి దేహర్ పవర్ హౌస్‌లోకి పడతాయి. ఆరు యూనిట్లు, ఒక్కోటి 165, మొత్తం 990 మెగావాట్లు. నా వంద చదరపు కిలోమీటర్ల మంచు ఇచ్చిన వెయ్యి క్యూసెక్కుల్ని ఆ ఎత్తు నుంచి దింపితే ఎంత కరెంటో లెక్కేశాను. అరవై మెగావాట్ల పైనే వచ్చింది. మాచ్‌ఖండ్ మొత్తంలో సగం! దేహర్‌లో పని చేసిన ఆ నీరు సట్లెజ్‌లో కలిసి భాక్రాకి చేరుతుంది. అక్కడ 225 మీటర్ల డ్యామ్ కింద మళ్ళీ కరెంటు ఇచ్చి, తర్వాత పంజాబ్, హర్యానా, రాజస్థాన్ పొలాలకి పోతుంది. బియాస్‌లో మిగిలింది పాంగ్ దగ్గర ఆగి, హరికే దగ్గర సట్లెజ్‌తో కలుస్తుంది. అక్కడ మొదలయ్యే ఇందిరాగాంధీ కాలువ, ఫీడర్‌తో కలిపి 649 కిలోమీటర్లు పోయి థార్ ఎడారిలో తేలుతుంది. "ఇసక మీదకి మంచు నీళ్ళు" అని నాన్న ఆ గీత మీదే చూపు నిలిపాడు.

ప్రవాహం లెక్కలు చివరికి వచ్చాయి. అడిగిన ఏళ్ళన్నీ ఇవ్వలేదు గానీ, వచ్చినవి నమూనాని సరిచూసుకోవడానికి సరిపోయాయి. వాటితో పాటే వేసవిలో నది చూసి రమ్మని మేడమ్ అన్నారు. విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కణ్ణుంచి బస్సు. నాతో పాటు మా బ్యాచ్ అమ్మాయి ఒకతి వచ్చింది.

పండోహ్ డ్యామ్ హైవే పక్కనే ఉంటుంది. ఫొటోలు తియ్యనివ్వరు. పైనుంచి చూస్తే రిజర్వాయర్ నీరు బూడిద రంగులో ఉంది. కింద, డ్యామ్ దాటాక, నది రాళ్ళ మధ్య సన్నగా పోతోంది. నీళ్ళలో చాలా భాగం సొరంగంలోకి పోయాక నదికి మిగిలేది అంతే. హిమాచల్‌లో కనీసం 15 శాతం నదికి వదలాలన్న నియమం ఉంది. ఆ సన్నటి పాయ చూశాక ఆ 15 శాతం కూడా ఎంత అవసరమో తెలిసొచ్చింది. కింద చేపలున్నాయి, ఊళ్ళున్నాయి.

బూడిద రంగు ఎందుకో తెలుసుకోవడానికి మనాలి దగ్గర ఒక గాజు గ్లాసుతో నది నీళ్ళు ముంచి బస కిటికీలో పెట్టాను. తీసిన వెంటనే పాలు కలిపినట్టుంది. గంట తర్వాత అడుగున బూడిద పొర పేరుకుంది. పైన నీరు మాత్రం తెల్లారినా పూర్తిగా తేరుకోలేదు. వేళ్ళ మధ్య ఆ పొర తీసి రుద్దితే మెత్తగా పిండిలా ఉంటుంది, దాంట్లో సన్నటి గరుకు తగులుతుంది. మంచుగడ్డ కొండరాయిని ఒరుసుకుంటూ జారితే రాలే రాతి పిండి అది. ఆ గరుకు క్వార్ట్జ్ రేణువుది. మామూలు ఉక్కు కంటే గట్టిది. అలాంటి నీరు వందల మీటర్ల ఎత్తు నుంచి దూసుకొచ్చి టర్బైన్ రెక్కలకి తగిలితే లోహం తినేస్తుంది. హిమాలయ నదుల పవర్ హౌస్‌లలో రెక్కలకి గట్టి పూతలు వెయ్యడం, అరిగినవి తీసి బాగుచెయ్యడం, ఒండ్రు బాగా ఎక్కువైన రోజుల్లో యూనిట్లు ఆపుకోవడం మామూలే. సుందర్‌నగర్ రిజర్వాయర్‌లో ఒండ్రు తవ్వి తియ్యడానికి డ్రెడ్జర్లు పెట్టాల్సి వచ్చింది. మంచు నది నుంచి కరెంటు ఊరికే రాదు. మాచ్‌ఖండ్ నీళ్ళు ఇంతకంటే ఎంతో తేట.

నది గడియారం చూద్దామని మనాలికి పైన పల్చాన్ దగ్గర ఒక రోజంతా కూర్చున్నాం. కింద ప్రిణిలో 192 మెగావాట్ల పవర్ హౌస్ ఉంది, అది నీళ్ళు వదిలే వేళలు కలిసిపోతే ఏది మంచు ఏది యంత్రమో తెలియదు. అందుకే దానికి పైన. గట్టు దిగకుండా, ఎదురుగా ఉన్న ఒక పెద్ద బండని గుర్తు పెట్టుకున్నాం. పొద్దున ఏడింటికి బండ మీది నల్లటి చార నీటికి బాగా పైన ఉంది. నీళ్ళు కొంచెం తేటగా, చప్పుడు తక్కువగా ఉన్నాయి. పన్నెండింటికి కూడా పెద్ద తేడా లేదు. ఎండ మాత్రం మాడ్చేస్తోంది. మూడు దాటాక నీటి రంగు మారింది. ఐదయ్యేసరికి నల్లచార కనిపించడం లేదు. సాయంత్రం ఎండ తగ్గి చలి మొదలైంది, నది మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది. పైన మధ్యాహ్నం కరిగిన నీరు అన్ని మలుపులూ తిరిగి ఇక్కడికి చేరడానికి పట్టే సమయం అది. ఇంకా కిందికి వెళ్ళేకొద్దీ ఆ పెరుగుదల చేరేది రాత్రి, తెల్లవారుజాము.

లార్జి వైపు వచ్చేటప్పుడు మా ఇద్దరికీ మాటలు రాలేదు. కొండల మధ్య లోయ చాలా ఇరుకు. రాళ్ళు, మధ్యలో నది. ఒడ్డున హిందీలో, ఇంగ్లీషులో హెచ్చరిక బోర్డులున్నాయి, నీటిమట్టం ఎప్పుడైనా హఠాత్తుగా పెరగవచ్చని. లార్జి 126 మెగావాట్ల కేంద్రం. నిల్వ చేసుకునే జాగా చాలా తక్కువ, వచ్చిన నీరు వచ్చినట్టు వాడుకోవాలి. గ్రిడ్‌కి కరెంటు అక్కర్లేక యూనిట్లు తగ్గిస్తే, టర్బైన్లలోకి పోని నీరు గేట్ల మీదుగా నదిలోకే రావాలి. సాయంత్రం దాటేకొద్దీ పైనుంచి మంచు నీరు పెరుగుతూ ఉంటుంది. గేటు తెరుచుకుంటే ఆ ఇరుకు లోయలో నీరు పక్కకి పరుచుకోవడానికి చోటుండదు, ఎత్తుకి లేస్తుంది. 2014లో పోయిన ఆ పిల్లలకి ఇవన్నీ ఎవరు చెప్పారు? పొద్దున అక్కడ నిలబడి చూసినవాడికి అది మోకాలి లోతు నీరు. అదే రాళ్ళ మీద సాయంత్రం నిలబడ్డం వేరే నదిలో నిలబడ్డమే. మన వైపు నుంచి వేసవి సెలవుల్లో ఇప్పటికీ వేలమంది కులూ మనాలి వెళ్తూనే ఉన్నారు. దయచేసి నది మధ్య రాళ్ళ మీదికి దిగకండి, ఎంత ప్రశాంతంగా కనిపించినా సరే. ఒడ్డున మాత్రమే నిలబడండి. సైరన్ వినబడితే కారణం కనుక్కోవడానికి ఆగకండి, పైకి ఎక్కెయ్యండి.

తిరిగి వచ్చాక నమూనాని సరిచెయ్యడంలో మునిగిపోయాను. ఏప్రిల్, మే నెలల్లో నా లెక్క, నది లెక్క బాగా కలిశాయి. జులై, ఆగస్టుల్లో గొడవ. వాన, మంచు రెండూ ఒకేసారి. లోయలో ఒక వాగు మీద కుండపోత కురిస్తే పక్క లోయలో చినుకుండదు. వాన కొలిచే స్టేషన్లు లోయల అడుగున ఉంటాయి, పైన ఉండవు. 2023 జులై 9, 10 తేదీల్లో వచ్చిన వరద లాంటిదాన్ని, మండీలో పంచవక్త్ర ఆలయం చుట్టూ నది పొంగినదాన్ని, నా నమూనా పట్టుకోలేదు. అది మంచు లెక్కకి అందేది కాదు, కుండపోతది. ఎత్తు పట్టీల్లో డిగ్రీకి ఇన్ని మిల్లీమీటర్లన్న డిగ్రీ-డే సంఖ్యని నెలనెలకి మార్చుకోవాల్సి వచ్చింది. కొత్త మంచు తెల్లగా ఎండని తిప్పికొడుతుంది, పాతబడి మురికి పట్టిన మంచు త్వరగా కరుగుతుంది కాబట్టి.

చివరికి వార్షిక ప్రవాహంలో మంచు, హిమానీనదాల వాటా మూడో వంతు చుట్టుపక్కల తేలింది. 1990 నుంచి 2004 దాకా లెక్కలతో 2007లో అచ్చయిన ఒక అధ్యయనం పండోహ్ దగ్గర ఆ వాటా 35 శాతమని చెప్పింది. పక్కనున్న సట్లెజ్‌కి భాక్రా దగ్గర ఇది 59 శాతం దాకా ఉంటుంది, దాని పరివాహకంలో చాలా భాగం వానలు చేరని టిబెట్, స్పితి వైపు ఉంది కాబట్టి. బియాస్‌ది మూడో వంతే కదా అని తేలిగ్గా తీసుకుంటారేమో. ఆ మూడో వంతు వచ్చే రోజులు చూడాలి. వాన లేని మే, జూన్‌లలో నదిని నిలబెట్టేది అదే. పంజాబ్‌లో వరి నాట్లకి, ఉత్తరాదిలో ఏసీలు, పంపులు తిరిగే వేళ కరెంటుకి అవసరం పడేది సరిగ్గా అప్పుడే.

నాన్న అడిగిన పురి ప్రశ్న కోసం ఉష్ణోగ్రతని ఒక డిగ్రీ, తర్వాత రెండు డిగ్రీలు పెంచి నడిపాను. ఏడాది మొత్తం నీటిలో మొదట పెద్ద మార్పు కనబడలేదు. కానీ ఆ నీరు వచ్చే తేదీలు ముందుకి జరిగాయి. కింది పట్టీల మంచు ఏప్రిల్‌లోనే అయిపోయింది, జూన్ రెండో సగంలో ప్రవాహం పలచబడింది. మొత్తం నీళ్ళు చూసే ఇంజనీరుకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నారు పోసుకుని కూర్చున్న రైతుకి మాత్రం కాలువలో నీరుండదు. హిందూకుష్ హిమాలయాల మీద 2019లో వచ్చిన నివేదిక, భూతాపాన్ని ఒకటిన్నర డిగ్రీకే ఆపగలిగినా ఈ శతాబ్దం చివరికి ఇక్కడి హిమానీనదాల్లో మూడో వంతు పోతాయని చెప్పింది. అది చదివినప్పుడు నాకు రైవాడ అడుగు గుర్తొచ్చి కడుపులో కలుక్కుమంది. వాన మీద బతకడం మాకు అలవాటే. ఆ రైతులకి అలవాటు లేదు.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ చాలా ఓపికగా విన్నారు. "రైతుకి ఇవ్వడానికి ఒక్క అంకె ఎంచుకోమంటే ఏది ఇస్తావమ్మా?" అని అడిగారు. ఏడాది కరుగునీటిలో సగం ఏ తేదీకి పోయిందో ఆ తేదీ ఇస్తానన్నాను. పదేళ్ళపాటు ఏటేటా ఆ తేదీ రాసిపెడితే నది ఎటు పోతుందో కాలువ కింది ఊళ్ళకి కూడా అర్థమవుతుందని చెప్పాను. ఆయన ఆ మాట తన కాగితం మీద రాసుకున్నారు. రోజు లెక్క కాకుండా గంటల లెక్క ఎందుకు చెయ్యలేదని కూడా అడిగారు. గంటకోసారి కొలిచిన ప్రవాహం చేతికి రాలేదు, వస్తే డ్యామ్ కింద హెచ్చరికలకి పనికొచ్చేది అదేనన్నాను.

హామీపత్రం ప్రకారం ప్రవాహం లెక్కలు నా కంప్యూటర్ నుంచి తీసేశాను. మంచు పటాలు, ప్రోగ్రాములు మాత్రం జూనియర్ అమ్మాయికి ఇచ్చాను. తను పార్వతి నది తీసుకుంది. దరఖాస్తు మొదటి సెమిస్టర్‌లోనే పెట్టమని చెప్పి, భుంతర్ దగ్గర గంటకోసారి నీటిమట్టం కావాలని అడుగుతూ ముసాయిదా నేనే రాసిచ్చాను. స్టేషన్ పేరు, అక్షాంశం, రేఖాంశం మొదటి పేజీలోనే వేశాం.